జంట కాగితం

ఆ వాక్యాన్ని పైకి చదవడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

ప్రార్థనామందిరం వెనకనున్న పొడవాటి గదిలో బల్లకు ఆవల ఐదుగురు పెద్దలు, ఈవల ఒంటరిగా ఆమె. నడుమ ఆమె రాసిన నవల. దైవదూషణను నోట పలికినవారికి, చెవిన విన్నవారికి కూడా దూషణ పాపమే అంటుతుందని ఆ మందిరపు నియమం. అందుచేత పెద్దాయన ఆ పుట తెరిచి, వేలితో చూపించి, కళ్ళు మూసుకుని పుస్తకాన్ని పక్కకు జరిపాడు. పక్కాయన కూడా వేలు పెట్టాడు, జరిపాడు. కాలిన గిన్నె చేతులు మారినట్టు ఆ పుస్తకం ఈ చివరనుంచి ఆ చివరకు చేరింది.

"చదవకుండా, వినకుండా తీర్పెలా చెప్తారండీ?" అని అడిగిందామె.

"వింటే మాకూ శిక్ష వేసుకోవాలి కదమ్మా" అన్నాడు చివర కూర్చున్న బట్టల కొట్టు యజమాని. గోడవారగా బెంచీల మీదున్న జనం నవ్వారు.

ఆమె అచ్చాపీసులో పుస్తకాలు కుట్టే గదికి పెద్ద. అందరూ కుట్టమ్మ అంటారు. సూదితో పుస్తకాలను కుడుతుంది, నోటితో మనుషులను కుడుతుంది అని పనివాళ్ళ వేళాకోళం. పరుల పుస్తకాలు కుట్టీ కుట్టీ చివరకు తనదొకటి రాసుకుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కథ అది. అందులో తల్లి నోట పలికించిన మాటలు ఎవరివో ఆ గదిలో ఇంకొక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ ముందు బెంచీలో, శాలువా భుజాల నిండా కప్పుకుని, మందిరపు స్త్రీల మండలి అధ్యక్షురాలి హోదాలో కూర్చుని ఉన్నారు. ఆవిడ కుట్టమ్మకు తోడబుట్టిన అక్క.

ఆస్పత్రి వరండాలో, పిల్లవాడి బూట్లు రెండూ చేతిలో పట్టుకుని, కొడుకు పోయిననాడు అక్క ఏడవలేదు. ఇంటి బేరం మాట్లాడుతున్నంత నిదానంగా అంది: "దేవుడు నా ఇంట్లో అద్దెకుంటే, ఈ పూటే సామాను వీధిలో పెట్టించి తాళం వేసేదాన్ని." ఆ మాట కుట్టమ్మ గుండెలో మేకులా దిగింది. కొన్నాళ్ళకు అక్కే పిలిచి, "రాయవే. నువ్వు రాయగలవు. మాట నాదని మాత్రం ఎక్కడా చెప్పకు. వాడి పేరు మాత్రం మొదట్లోనే ఉండాలి, ఒక కాగితమంతా వాడిదే కావాలి" అంది. కుట్టమ్మ మాట ఇచ్చింది. అచ్చుకు ముందు రాతప్రతి చదివి వినిపిస్తే, ఆ వాక్యం దగ్గర అక్క నవ్వింది, ఏడ్చింది, ఒక్క అక్షరం మార్చవద్దంది.

ఇప్పుడు కుట్టమ్మ ఆ బెంచీ వైపు తిరిగింది.

"అక్కా, నువ్వు చదువు. నీకు చదవడం వచ్చు."

అక్క లేచింది. శాలువా సర్దుకుంది. చెల్లెలి ముఖం వైపు కాక బల్లమీది పుస్తకం వైపు చూస్తూ మాట్లాడింది.

"నేనా పుస్తకం తెరవలేదండీ. అందులో ఏముందో ముందే తెలిసుంటే, అచ్చుదాకా రానిచ్చేదాన్నా? చిన్నప్పటినుంచీ దీనికి నోరు పెద్దది. పెద్దలకు నేను చేసుకునే మనవి ఒకటే. ఆ కాగితాన్ని ఆనవాలు లేకుండా తీయించెయ్యండి. మా కుటుంబానికి ఈ మచ్చ వద్దు."

"అంతే కదా మరి" అన్నాడు బట్టల కొట్టాయన. "అద్దెకొంపలో కాపురముండే మనిషికి ఇంటి యజమానుల మాటలెందుకు?"

ఆ వాక్యాన్ని తాను శ్రద్ధగా చదివానని ఒప్పుకున్నట్టయిందని ఆయనకు ఆలస్యంగా తట్టింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన అన్నది నిజమే. కుట్టమ్మ పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఇల్లు అద్దెకిచ్చి ఎరగదు. అక్కకు అద్దెకిచ్చిన మూడు వాటాలున్నాయి. ఆ లెక్క పెద్దల్లో ఒక్కరైనా వేసుకుంటారేమోనని కుట్టమ్మ ఒక్క క్షణం ఎదురుచూసింది. ఎవరూ వేసుకోలేదు. నోరు విప్పితే తాను గట్టెక్కుతుంది. కాని అక్కకు మాట ఇచ్చింది.

రాతప్రతి చూసి "ఇలాంటిది మన అచ్చాపీసు గుమ్మం తొక్కలేదమ్మా" అని మురిసిపోయిన అచ్చాపీసు యజమాని, ఇప్పుడు చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ లేచాడు. "ఉన్న ప్రతులన్నిట్లోనూ మొదలంటా కోయిస్తానండీ. ఆనవాలుండదు."

మొదలంటా కోయడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. కాని అందులో ఇంకొకటి కూడా పోతుందని ఆయన ఆలోచించలేదు.

మర్నాడు మధ్యాహ్నం అక్క అచ్చాపీసు వెనక మెట్లెక్కి కుట్టుగదికి వచ్చింది. పనివాళ్ళు భోజనాలకు వెళ్ళారు. గోడ పొడుగునా నవల ప్రతులు దొంతర్లుగా ఉన్నాయి. జిగురు వాసన, కాగితపు ధూళి. కుట్టమ్మ బల్ల ముందు కూర్చుని కత్తి సానబెడుతోంది.

"కోపమొచ్చిందా?"

"రాలేదని చెప్తే నమ్ముతావా?"

"నా సంగతి కూడా చూడవే. ఆ ఏడాది మందిరం వాళ్ళే లేకపోతే నేను బతికేదాన్ని కాదు. పొద్దున్నే ఎవరో ఒకరొచ్చి లేపి, మొహం కడిగి, ఇంత తినిపించి వెళ్ళేవాళ్ళు. నువ్వు రాసుకుంటూ కూర్చున్నావు."

"నువ్వు రాయమంటేనే కదా."

"రాయమన్నాను. ఇంతమంది చదువుతారనుకోలేదు."

"మరి అచ్చు వేసేది చెదలకనుకున్నావా?"

అక్క నవ్వబోయి మానుకుంది. బల్లమీద ఒక ప్రతి తీసుకుని, పిల్లవాడి పేరున్న కాగితం తెరిచి, అరచేత్తో నిమిరింది. "సరే, ఆ కాగితం పోతే పోనీ. ఇది మాత్రం ఉంటుంది కదా?"

కుట్టమ్మ లేచింది. ఇంకా అట్ట వేయని ఫారం ఒకటి తెచ్చి అక్క ముందు విప్పింది. పెద్ద కాగితాన్ని మడిచి మడిచి ఫారం చేస్తారు. దారం మడత నడుమనుంచి పోతుంది. అందుచేత ముందు సగంలోని ప్రతి ఆకూ వెనక సగంలోని ఒక ఆకుకు తోబుట్టువే. పిల్లవాడి పేరున్న ఆకును కుట్టమ్మ ఒక చేత్తో ఎత్తింది. దానితోపాటు అవతల లేచిన ఆకు మీద ఆ వాక్యం ఉంది.

"రెండూ ఒకే కాగితం. వాక్యాన్ని మొదలంటా కోస్తే, వాడి పేరూ ఊడి రాలిపోతుంది."

అక్క మడత మీద వేలు పెట్టి అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడిపింది.

"వేరే దారి లేదా?"

"ఉంది. వేలెడంత అంచు వదిలి కోస్తే దారం దాన్ని పట్టుకునుంటుంది. వాడి కాగితం నిలుస్తుంది. కాని అంచు కనబడుతుంది. ఇక్కడేదో ఉండేదని చదివినవాళ్ళకు తెలుస్తుంది."

"ఏముండేదని అడుగుతారు."

"అడుగుతారు. నేను చెప్పను. నీకు మాటిచ్చాను." కుట్టమ్మ కత్తి కింద పెట్టింది. "ఆనవాలు లేకుండా అన్నది పెద్దలు కాదక్కా. నువ్వు. వెళ్ళి, అంచు వదలనివ్వండని అడుగు. ఆ మాటలు నీవేనని చెప్పమనడంలేదు. అంచు వదలమను చాలు."

"ఎందుకని అడుగుతారు."

"నా బిడ్డ పేరు నిలవాలని చెప్పు. అది నిజమే కదా."

కింద యంత్రం ఒకటి మొదలై, దడదడలాడి, ఆగిపోయింది.

"ఒకటి అడిగితే ఇంకొకటి అడుగుతారే. తీగ లాగితే డొంకంతా కదులుతుంది" అంది అక్క. "మొదలంటా కోసెయ్."

కుట్టమ్మ అక్క ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు తనకు అక్షరాలు దిద్దించిన ముఖం. నిన్న అక్క అబద్ధం చెప్పినప్పుడు పెద్దల భయమనుకుంది, క్షమించడానికి రాత్రంతా కారణాలు వెతుక్కుంది. ఇప్పుడు ఈ గదిలో పెద్దలు లేరు.

కత్తి పిడిని అక్క వైపు తిప్పి జరిపింది.

"నువ్వే కొయ్యి."

"నాకు చేతకాదే."

"చేతనవుతుంది. మడత లోపల మొన పెట్టి నీ వైపుకు లాగు."

అక్క తాను తీసిన ప్రతిలో మొన పెట్టి లాగింది. వాక్యమున్న కాగితం చప్పుడు లేకుండా విడివడింది. ఆవిడ ఊపిరి పీల్చుకుని పుస్తకం ఎత్తేసరికి, పిల్లవాడి పేరున్న కాగితం జారి ఒళ్ళో పడింది. దాన్ని మడవకుండా, నలగకుండా, సంచిలో పెట్టుకుంది. రెండో ప్రతి కోసం కుట్టమ్మ చెయ్యి చాపేసరికి ఆవిడ లేచి నిలబడింది.

"మిగతావి ఎవరితోనైనా కోయించు. నా వల్ల కాదు."

"నీ మాట ఇన్నాళ్ళూ నేను మోశాను. నీ కోత కూడా నేను కొయ్యను. కోసేవాళ్ళను మీ పెద్దల్నే పంపమను."

అక్క సంచి గుండెకు హత్తుకుని తలుపు దాటింది. వాక్యమున్న కాగితం బల్లమీదే ఉండిపోయింది.

కుట్టమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకుంది. అది చదవడానికి ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు. తలుపు తెరిచే ఉంది. ఆమె గొంతెత్తి, వరండాలో ఆనాడు విన్న ఆ నిదానంతోనే చదివింది.

"దేవుడు నా ఇంట్లో అద్దెకుంటే, ఈ పూటే సామాను వీధిలో పెట్టించి తాళం వేసేదాన్ని."

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగింది. కుట్టమ్మ కాగితం దించి విన్నది. కాసేపటికి ఆ అడుగులు మళ్ళీ కదిలాయి. కిందికే.