తొలి చేప వాటా

అలాస్కాలోని యూకాన్ నదిలో చేపలు తగ్గిపోయాయని సర్కారు సాల్మన్ చేపల వేట ఆపేశాక ఆ ఊరి పిల్లలకు చేప కూడా బడిపాఠమైపోయింది. ఇంతకంటే దరిద్రం ఏముంటుంది? చేప ఎండబెట్టిన కొయ్యల నీడన పెరిగిన జాతి. అలాంటివాళ్ల పిల్లలకు చేపగుడ్లు ఎలా ఉంటాయో చూపించడానికి టీచరమ్మ పడవెక్కించి వాగు దాకా తీసుకెళ్లాల్సి వచ్చింది.

ఆ పిల్లల్లో అగాఫియా మనసు మాత్రం ఇంటి దగ్గరే ఉంది. అమ్మమ్మ మత్రోనా మంచం పట్టింది, డాక్టర్లు చేతులెత్తేశారు. ఆవిడ అడిగేది ఒక్కటే.

"పోయేలోగా ఒక్కసారి చేపగుడ్ల చారు తాగితే చాలే, తల్లీ."

వాగు దగ్గర టీచరమ్మ ఆడచేప పొట్ట కోసి నారింజరంగు గుడ్లను గిన్నెలోకి తీసింది. ఒక్క జంటను పట్టడానికే అనుమతి దొరికిందట. మగచేప బీజపు పాలు వాటి మీద పిండి కలిపింది.

"ఇక ఇవి గుడ్లు కావు, పిల్లలు. తొట్టెలో పెంచి వసంతంలో నదిలో వదులుదాం."

"వాటికీ హాజరు వేస్తారా, టీచర్?" అన్నాడు ప్రొకోఫీ.

"నీకంటే బుద్ధిగా వస్తాయిలేరా."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే అగాఫియా గుప్పెడు గుడ్లు తీసి అన్నం డబ్బాలో దాచేసింది. అవి పిల్లలని ఇప్పుడే విన్నది. అయినా తీసింది.

చారు మరుగుతుంటే వాసనకే అమ్మమ్మ తల ఎత్తింది.

"ఎక్కడివే ఇవి?"

"వేట తెరిచారమ్మమ్మా. మామయ్య పట్టాడు." అబద్ధం అలవోకగా వచ్చేసింది.

ముసలామె కళ్లు చెమ్మగిల్లాయి. "చేప తిరిగొచ్చిందన్నమాట!" చెంచా నోటిదాకా తెస్తే మాత్రం మొహం తిప్పేసుకుంది. "తొలి చేప ముందు మనమే తింటామా? సిగ్గు లేదూ? తొలి వాటా ఎవరూ లేనివాళ్లది. వసీలీ తాతకి పట్టుకెళ్లు. ఆయన తిన్నాక తాగుతాను."

ఎంత బతిమాలినా వినలేదు. అగాఫియా గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లింది.

ఒంటరి ముసలాయన వసీలీ. సంగతి విని గిన్నెను రెండు చేతులా అందుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె నోరు తెరిచేలోగా గోడ మీది రేడియో మైకు అందుకున్నాడు. ఆ ఊళ్లో ఇంటింటికీ ఒకటుంటుంది, ఒకరు మాట్లాడితే ఊరంతా వింటుంది.

"అందరూ వినండర్రా! చేప వచ్చింది. మత్రోనా ఇంటినుంచి తొలి వాటా వచ్చింది. పొద్దున్నే పడవలు దించండి!"

రేడియో హోరెత్తింది. ఎవరో కేక వేశారు. ఒకావిడ వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నా వల ఎలుకలు కొట్టేశాయిరో, ఎవరిదైనా ఇవ్వండి!" అని ఇంకొకాయన.

అగాఫియాకు తెలుసు, పొద్దున్నే వలలు వేస్తే నది కాపలావాళ్లు వలలూ పడవలూ లాక్కుపోతారు. నిజం చెబితే ఇంట్లో రేడియోలో అమ్మమ్మ వింటుంది. చివరికి తాత చేతిలోంచి మైకు లాక్కుంది.

"వేట తెరవలేదు. అవి బడి గుడ్లు. నేనే దొంగిలించాను."

రేడియో మూగబోయింది. వసీలీ తాను ముట్టని గిన్నెను తిరిగి ఆమె చేతుల్లో పెట్టాడు.

ఇంటికి పరిగెత్తింది. అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అమ్మమ్మా, కొంచెం తాగవే. నీ కోసమే కదే..."

"వద్దులే తల్లీ," అంది మత్రోనా. "చేపలు నిజంగానే వచ్చాయనుకున్నాను."