పొట్టావిడ, పొడుగావిడ

ఆ జపాన్ వాళ్ళను మా దుకాణంలోకి తీసుకొచ్చింది మా ఆడపడుచు. నేనే పాపమూ ఎరగను.

మాది డ్రైక్లీనింగ్ దుకాణం. ముందు గదిలో కౌంటరు, వెనక గదిలో ఎదురెదురుగా రెండు ఇస్త్రీ బల్లలు, మూలన ఆవిరి బాయిలరు, మేడమీద ఇల్లు. కోట్లు, తెరలు, హోటలు వాళ్ళ యూనిఫారాలు మా ఆడపడుచు చూసుకుంటుంది. మరకలు నావి. “మరక వదలాలంటే మనిషికి కాస్త కోపం ఉండాలి, మా వదిన దగ్గర దానికి లోటు లేదు” అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. తనేమో నోట్లో నాలుక లేని మనిషి. కోటు కాలరు మాడినా “అయ్యో” అని ఊరుకునే రకం. నేనైతే ఆ కోటునూ, కోటు యజమానినీ, దాన్ని కుట్టిన దర్జీనీ కలిపి తిడతాను.

ఒకరోజు నేను ఎవరిదో సిరా మరకతో కుస్తీ పడుతుంటే ఎదుటి బల్ల మీంచి టింగుటింగుమని ఏదో మొదలైంది. నీళ్ళు చిమ్మే సీసాకు ఫోను ఆనించి పెట్టుకుని వింటోంది.

“ఏంటే ఆ గోల?”

“యుకులేలే వదినా.”

“అంటే?”

“బుల్లి గిటారు. నాలుగే తీగలు.”

“మిగతావి తెగిపోయాయా?”

“లేదు వదినా. పుట్టుకే అంత.”

వెళ్ళి చూశాను. జపాన్ ఆడవాళ్ళు ఇద్దరు, యాభై దాటి ఉంటారు. ఒకావిడ పొట్టి, ఒకావిడ పొడుగు. పళ్ళెమంత పువ్వులున్న చొక్కాలు వేసుకుని, రెండు కుర్చీల్లో నిటారుగా కూర్చున్నారు. ఫోటో తీయించుకోవడానికి వచ్చి, ఫోటోగ్రాఫరు ఎటో వెళ్ళిపోతే అలాగే ఉండిపోయినట్టున్నారు. వెనక తెర కట్టారు గానీ దానికి ఇస్త్రీ సరిగ్గా లేదు. పొడుగావిడ తీగలన్నీ కలిపి మీటుతూ తాళం నడిపిస్తుంటే, పొట్టావిడ ఒక్కొక్క తీగే గిల్లుతూ పాట వాయిస్తోంది. సొంత పాటలేం కావు. ఎవరెవరో ఎప్పుడో పాడిన పాటల్నే పట్టుకొచ్చి హవాయి దీవుల పద్ధతిలో వాయిస్తారట. ఆ పద్ధతిలో ఏ పాటయినా సముద్రపు ఒడ్డున కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టే ఉంటుంది. అప్పుడు వస్తున్నది ప్రియుడు వదిలేసి పోయిన పాట అని మా ఆడపడుచు చెప్పింది. వీళ్ళు వాయిస్తుంటే పీడ విరగడైందన్నట్టుగా ఉంది.

పాటంతా అయ్యేదాకా ఇద్దరి మొహాల్లో ఉలుకూ లేదు, పలుకూ లేదు. అయ్యాక లేచి మనకు వంగి నమస్కారం పెట్టారు. తర్వాత ఒకరికొకరు పెట్టుకున్నారు. అప్పుడే బస్టాపులో పరిచయమైనట్టు.

“కట్టెయ్, పని చూసుకో” అన్నాను.

మర్నాడు మళ్ళీ పెట్టింది. ఆ మర్నాడూ పెట్టింది. వారం తిరిగేసరికి నా చేయి కూడా ఆ తాళానికే మరక రుద్దడం మొదలుపెట్టింది. తను చూసి నవ్వింది. నేను ఒప్పుకోలేదు.

పాటల సంగతి పోనివ్వండి. నాకు అంతుబట్టనిది ఒకటే. ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారు? చుట్టరికం తెలియకుండా మనుషుల్ని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. బట్టలకోసం వచ్చిన ప్రతివాళ్ళకూ ఫోను చూపించి అడిగాను. స్కూలు బస్సు డ్రైవరు అక్కచెల్లెళ్ళన్నాడు. బ్యాంకు మేడమ్ తోడికోడళ్ళంది. తోడికోడళ్ళయితే అంతసేపు ఒకే ఫ్రేములో కూర్చోరని నేను కొట్టిపారేశాను. హోటలు మేనేజరు బాగా ఆలోచించి, పొడుగావిడ యజమాని, పొట్టావిడ ఉద్యోగి అన్నాడు. ఆయనకు లోకమంతా హోటలే.

“వదినా ఆడపడుచులేమో” అంది మా ఆడపడుచు.

“నీ మొహం. వదినా ఆడపడుచులు అలా దణ్ణాలు పెట్టుకుంటారా?”

“మనం పెట్టుకోం. వాళ్ళు పెట్టుకుంటారేమో.”

ఆ మాటకు నాకు చురుక్కుమంది. ఎందుకంటే మేం వదినా ఆడపడుచులం కూడా కాదు. వాళ్ళ అన్నకూ నాకూ విడాకులై మూడేళ్ళు దాటింది. ఆయన తన బట్టలు, తన రేడియో, తన కుర్చీ గుర్తుపెట్టుకుని మరీ పట్టుకెళ్ళాడు. చెల్లెల్ని మర్చిపోయాడు. మర్నాడు పొద్దున తనే లేచి బాయిలరు వెలిగించి, “వదినా, టీ పెట్టనా?” అంది. ఏ లెక్కన వదినని అని అప్పుడే అడగాల్సింది. నాకు టీ తాగాలనిపించి ఊరుకున్నాను. అప్పట్నించీ మళ్ళీ ఆ ప్రస్తావన రాలేదు.

వచ్చింది. ఒక మధ్యాహ్నం పొట్టావిడ మంచి జోరుమీద ఉండగా పాట తెగి ఫోను మోగింది. వాళ్ళన్నయ్య. మా ఆడపడుచు చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది కాబట్టి స్పీకరు నొక్కింది. అంతా విన్నాను. వినకూడదని బాయిలరు దగ్గరికి కూడా వెళ్ళాను, అక్కడికీ వినబడింది. ఆయన కొత్త భార్య కాన్పు సెలవు అయిపోయి ఉద్యోగంలో చేరుతోందట. పాపను చూసుకోవడానికి ఇంట్లో మనిషి కావాలట.

“ఇంకా ఎన్నాళ్ళుంటావే అక్కడ? ఆవిడ నీకేమవుతుంది ఇప్పుడు? ఆదివారం కారు తీసుకొస్తాను, సర్దుకుని ఉండు” అన్నాడు.

“చూద్దాంలే అన్నయ్యా” అంది.

ఫోను పెట్టేయగానే పాట ఆగిన చోటునుంచే మళ్ళీ మొదలైంది. పొట్టావిడకు చీమ కుట్టినట్టయినా లేదు.

“వెళ్తావా?” అన్నాను.

“నువ్వేమంటావు వదినా?”

“అనడానికి నేనెవరినే? మీ అన్నయ్య, నీ ఇష్టం.”

ఎంత న్యాయంగా మాట్లాడానో అనుకున్నాను. లోపల మాత్రం వేరే లెక్క నడుస్తోంది. తను వెళ్ళిపోతే ఈ ఎదుటి బల్ల ఖాళీ. మేడమీద రెండో మంచం ఖాళీ. ఉండమనడానికి నాకు చుట్టరికం లేదు. రక్తసంబంధం ఆయనది, కారూ ఆయనదే. తనేమో తలొంచుకుని ఒకే చొక్కా చేతిని అటూ ఇటూ తిప్పి మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేసింది. ఒళ్ళు మండి, గుడ్డ చిరిగిపోతుందే అని అరిచాను.

ఆ మంట ఎవరిమీదో ఒకరిమీద తీర్చుకోవాలి. తన ఫోను లాక్కుని, అనువాదం చేసే యంత్రంలో మన మాట కొట్టి, వాళ్ళ మాటలోకి మార్చి, ఆ పాట కింద ప్రశ్న పెట్టాను. “అమ్మా, మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు? ఇక్కడ చాలామంది ఇబ్బంది పడుతున్నారు.”

రెండ్రోజులకు జవాబొచ్చింది. యంత్రం దాన్ని ఇలా మార్చి ఇచ్చింది: “ప్రశ్నకు ధన్యవాదాలు. ఎడమవైపు ఆమె పొట్టి. కుడివైపు ఆమె పొడుగు. మేము ఇలాగే కూర్చుంటాము.”

“చూశావా, చెప్పేశారు” అంది మా ఆడపడుచు, ఎంతో తృప్తిగా.

“ఏం చెప్పారే? గాడిదగుడ్డు చెప్పారు! కళ్ళున్నవాళ్ళకు తెలియదా ఎవరు పొట్టో?”

“ఇంకేం కావాలి వదినా?” అని కోటు తగిలించడానికి వెళ్ళిపోయింది.

ఆదివారం దగ్గరపడుతున్నా తను సర్దుకోలేదు. నా ముందు సర్దుకోవడానికి మొహమాటపడుతోంది కాబోలు అనుకున్నాను. అంత మొహమాటం దేనికి? అటకమీంచి పెద్ద పెట్టె దింపి, దులిపి, నేనే సర్దడం మొదలుపెట్టాను. తన బట్టలన్నీ ఉతికి ఆరేశాను. ఒక్కోదాన్నీ పెళ్ళికొడుకు కోటును చూసుకున్నట్టు చూసుకుని ఇస్త్రీ చేశాను. మడత మడతకూ మధ్య పలచటి కాగితం పెట్టాను. అక్కడికెళ్ళాక పెట్టె తెరిస్తే, వాళ్ళ వదిన పని ఎలా ఉంటుందో ఆ ఇంట్లోవాళ్ళకు తెలియాలి. తను గుమ్మంలో నిలబడి చూసింది. ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. మర్యాద విషయంలో ఇద్దరం జపాన్ వాళ్ళకు తీసిపోలేదు.

శనివారం మధ్యాహ్నం తను హోటలుకు యూనిఫారాలు ఇవ్వడానికి వెళ్తూ ఫోను బల్లమీద మర్చిపోయింది. దుకాణం నిశ్శబ్దంగా ఉంది. నాకు నిశ్శబ్దం పడదు. ఎవరూ చూడటం లేదు కదా అని పాట పెట్టాను. పాతదేదో వచ్చింది. రెండు కుర్చీలున్నాయి గానీ, పొడుగావిడ ఒక్కతే కూర్చుని ఉంది. పువ్వుల చొక్కా వేసుకుంది. ఎడమవైపు కుర్చీ ఖాళీ.

ఆవిడ వాయించడం మొదలుపెట్టింది. నాకు బాగా తెలిసిన పాటే, రోజూ వింటున్నదే. కానీ పొడుగావిడ తన వాటా మాత్రమే వాయిస్తోంది. టింగు టింగు, టింగు టింగు. పాట రావాల్సిన చోట పాట లేదు. ఆవిడ తొందరపడదు, ఆ ఖాళీని తను నింపదు. ఎప్పుడూ ఎంతసేపో అంతసేపూ కొట్టి, ఆపి, లేచి మనకు నమస్కారం పెట్టింది. తర్వాత ఖాళీ కుర్చీవైపు తిరిగి వంగింది.

నాకు ఏడుపొచ్చేసింది. మామూలు ఏడుపు కాదు. చేతిలో ఉన్నది ఎవరిదో పట్టు స్కార్ఫు అన్న జ్ఞానం కూడా లేకుండా దానితోనే ముక్కు తుడుచుకున్నాను. రేపట్నించి ఇదే కదా నా బతుకు అనిపించింది. మరకలు రుద్దుతూ ఉంటాను, ఎదురుగా ఎవరూ ఉండరు. పొట్టావిడ పోయిందో ఏమో మహాతల్లి, ఎన్నాళ్ళు కలిసి వాయించారో అని కిందికి జరిపి చూశాను. నాలాంటివాళ్ళు ఇంకెవరో ముందే అడిగారు. పొడుగావిడ జవాబు ఒక్క ముక్క. “ఆమెకు జలుబు. వచ్చే వారం వస్తుంది.”

జలుబు! ఆ ఇద్దర్నీ నోటికొచ్చినట్టు తిట్టాను. స్కార్ఫు మళ్ళీ ఉతకాల్సొచ్చింది. ఉతుకుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను, జలుబని తెలిశాక కూడా.

ఆదివారం ఆయన వచ్చాడు. కాస్త ఒళ్ళు చేశాడు. బట్టలకోసం వచ్చినవాళ్ళు కూర్చునే బల్లమీద కూర్చుని, “బాగున్నారా?” అన్నాడు. కాపురంలో ఉన్నన్నాళ్ళూ ‘ఏయ్’ అనేవాడు. విడాకుల్లో నాకు దక్కినది ఈ బహువచనం. బాగున్నానని చెప్పి, పెట్టె ఈడ్చుకొచ్చి కౌంటరు ముందు పెట్టాను. మా ఆడపడుచు వెనకగదిలో సెలవురోజు కూడా ఏదో తెరకు ఇస్త్రీ చేస్తోంది.

“రావే, దారిలో ఎండెక్కుతుంది” అన్నాడు.

తను బయటికొచ్చింది. పెట్టెను చూసింది, నన్ను చూసింది. “వెళ్ళనా వదినా?” అంది.

“ఇంకా వదినేంటే?” అన్నాడు ఆయన, చిరాకుపడకుండా, తప్పు దిద్దినట్టు. “ఆవిడ నీకేమీ కాదు.”

నేను గంభీరంగా, ‘వెళ్ళిరా, జాగ్రత్త’ అందామని పొద్దుట్నించీ అనుకుంటున్నాను. అద్దం ముందు అనుకుని కూడా చూసుకున్నాను. తీరా నోరు తెరిస్తే, “తను వెళ్ళడానికి వీల్లేదు” అని వచ్చింది.

ఆయన లేచి నిలబడ్డాడు. “ఏ హక్కుతో అంటున్నారండీ?”

“ఏ హక్కూ లేదు. అడుగుతున్నాను అంతే.” ఆయన్ను వదిలేసి తనవైపు తిరిగి అరిచాను. “ఉండిపోవే. పనికోసం కాదు. పనికి ఎవర్నో ఒకర్ని పెట్టుకుంటాను, తిడతాను, మానేస్తే ఇంకొకర్ని పెట్టుకుంటాను. నువ్వు లేకపోతే నేను ఉండలేను. ఉండలేనంటే ఉండలేను. నిన్న మధ్యాహ్నం చూసుకున్నాను.”

తను పెట్టెమీద చెయ్యి వేసింది. “మరి పెట్టె ఎందుకు సర్దావు?” అంది.

“నువ్వు సర్దుకోవట్లేదని.”

“నేను వెళ్తానని ఎప్పుడన్నాను వదినా?” ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఒక్కసారిగా అరిచేసింది. “చూద్దాంలే అన్నాను. నువ్వేమంటావని అడిగాను. నా ఇష్టమన్నావు, అటక ఎక్కావు, పెట్టె దింపావు, మడతలో కాగితాలు పెట్టావు! ఇంత బాగా సర్దుతోందంటే నేనెంత బరువైపోయానో అనుకున్నాను. రాత్రిళ్ళు నిద్రపట్టలేదు నాకు.”

నాకు తల కొట్టేసినట్టయింది. మూడేళ్ళలో నా పని ఇంత చెడ్డగా కుదరడం అదే మొదలు.

ఆయన మమ్మల్ని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “ఇంతకీ వస్తున్నావా, లేదా?” అన్నాడు.

“పాపను చూడటానికి వస్తాను అన్నయ్యా. నెలకోసారి వస్తాను, ఉంటే రెండ్రోజులుంటాను. మళ్ళీ ఇంటికొచ్చేస్తాను.” ఇల్లు అన్నప్పుడు బాయిలరు వైపు చూపించింది. పైన ఉన్న ఇల్లు కూడా కాదు, బాయిలరు.

ఆయన కారు దగ్గరికి వెళ్ళి, సంచిలో ఒక కోటు తెచ్చాడు. ఎలాగూ వచ్చాను కదా అన్నాడు. భుజంమీద పాపాయి కక్కిన పాల మరక. తీసుకున్నాను. మరక మరకే కదా. చీటీ రాసిచ్చి, గురువారం రమ్మన్నాను.

కారు వెళ్ళిపోయాక పెట్టె రెండువైపులా పట్టుకుని మేడమీదికి తీసుకెళ్ళాం. నేనే సర్దిన పెట్టె, రాళ్ళు నింపినట్టుంది. సగం మెట్లమీద తను ఆగింది.

“ఇందాకటిది ఇంకోసారి అను వదినా.”

“ఏది?”

“అదే. వీధిలోకి కూడా వినబడేలా అరిచావే, అది.”

“ముందు పెట్టె పట్టుకో సరిగ్గా” అన్నాను.

తను పెట్టె మెట్టుమీద దింపేసి, కొంగు సర్దుకుని, గోడకు ఆనుకుని నిలబడింది. కదిలే ఉద్దేశం లేదని తెలుస్తూనే ఉంది. నా వైపు బరువంతా నా చేతిమీదే ఉంది.

“ఉండిపోవే” అన్నాను.