రాతి గడప మీద పడవ

ఏబెల్ హాంబ్రిడ్జ్, థిర్జాల కాపురమంతా బొగ్గు పడవ మీదే. పడవ వెనక కొసన ఉన్న చిన్న గదే వాళ్ల ఇల్లు. ఆ ఫిబ్రవరిలో వాళ్ల నాలుగేళ్ల కూతురు రోడాకు గొంతు పూడుకుపోయి ఊపిరాడటం కష్టమైంది. నర్సు ఉండేది కాలువ దిగువన, నీళ్లు వదిలి పడవను మెట్టుమెట్టుగా కిందికి దించే ఏడు లాకుల అవతల. మంచువానలో బిడ్డను బయటికి తేవడానికి భయపడి, గదిలో పొయ్యి రాజేసి, పడవలోనే బయల్దేరారు.

మూడో లాకులోకి పడవ చేరగానే ఏబెల్ గట్టు మీంచి పడవను లాగే గుర్రాన్ని విప్పి, నీళ్లు వదిలే పలకలున్న కింది తలుపు దగ్గరికి పరిగెత్తాడు.

"రెండు పలకలూ ఒకేసారి ఎత్తేస్తున్నా! చుక్కాని వదలకు!"

"అరుపులు ఆపి చెయ్యి ఆడించవయ్యా!"

నీళ్లు దిగసాగాయి. అంతలో గదిలోంచి వస్తున్న గురక ఆగిపోయింది. థిర్జా చుక్కాని వదిలి ఒక్క అంగలో లోపలికి దూకి, బిడ్డను లేపి వీపు చరిచింది. రోడా కీచుమంటూ ఊపిరి లాగింది. అప్పుడే కాళ్ల కింద నేల వాలింది. పొయ్యి మీది కెటిల్ ముందుకు జారి పడింది.

పట్టుకునేవాళ్లు లేక పడవ వెనక్కి జరిగి, పైతలుపు కిందున్న రాతి గడప మీద కూర్చుంది. నీటితో పాటు ముందు కొస దిగిపోతోంది. వెనక కొస పైనే ఇరుక్కుపోయింది.

"ఏబెల్! గడప పట్టేసింది! పలకలు దించు!"

ఒకటి దిగింది. రెండోది బిగుసుకుపోయింది. ఏబెల్ కాలితో తన్నాడు, పలకలెత్తే ఇనుప పిడితో బాదాడు. కదల్లేదు. బొగ్గంతా ముందుకు జారింది, నీళ్లు లోపలికి దూకాయి. అతను పిడి పారేసి పరిగెత్తుకొచ్చి, గట్టు మీద బోర్లా పడుకుని చేతులు చాచాడు. థిర్జా గది పైకప్పు ఎక్కి, శాలువాలో చుట్టిన బిడ్డను తలపైకెత్తింది.

"అందడం లేదే! ఇంకొంచెం!"

మునివేళ్ల మీద లేచింది. శాలువా అతని చేతికి చిక్కింది. మరుక్షణం పడవ గడప మీంచి జారి, ఆమెతో సహా మునిగింది.

థిర్జా పైకి తేలి, గోడకున్న ఇనుప నిచ్చెన పట్టుకుంది.

"నా సంగతి వదిలెయ్! గుర్రమెక్కు!"

అతను ఒక్క క్షణం తటపటాయించి, బిడ్డతో గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

తడి బట్టలతో ఆమె కాలువ గట్టు వెంట రెండు మైళ్లు నడిచింది. నర్సు ఇంటి తలుపు దగ్గరికి చేరాక కొట్టడానికి చెయ్యి రాలేదు. ఏబెలే తీశాడు.

"నర్సు ఆవిరి పడుతోంది. పిల్లకు ఊపిరాడుతోంది," అన్నాడు.

"చుక్కాని వదిలేశానయ్యా."

"రెండూ ఎత్తింది నేనే కదా."

ఆ వేసవికి వాళ్లకు ఇటుకల బట్టీలో పని దొరికింది. రోడా బతికింది. థిర్జా మళ్లీ పడవ ఎక్కలేదు.