ఉతికిన నీడ

హుఫూఫ్‌లో ఒక సౌదీ ఇంట్లో పనిచేసే హలీమా పొద్దుటి పనులకు ఒక వరస ఉంది. ఫజర్ నమాజు అయినాక రొట్టెలు, తర్వాత పిల్లల డబ్బాలు, ఆ తర్వాత మిద్దె మీద బట్టలు ఆరేయడం. ఎనిమిది కాకముందే తూర్పు పిట్టగోడ నీడను మడిచి చంకలో పెట్టుకోవాలి. ఆలస్యమైతే ఎండ దాన్ని తినేస్తుంది. ఆ నీడను నీళ్ల ట్యాంకు మీద కప్పితే మధ్యాహ్నం దాకా కొళాయి నీళ్లు చెయ్యి కాల్చవు.

"హలీమా, ట్యాంకు మీద వేసినావా?" అని కింద నుంచి మామా అడుగుతుంది. అక్కడ ఇంటి యజమానురాలిని పనివాళ్లు మామా అనే అంటారు.

"వేసినా మామా."

పదకొండేండ్లుగా ఇదే మాట. "పోయిన యేటికంటే ఈ యేడు ఎండ ఎక్కువ" అని మామా ప్రతి యేడూ అనేది. ప్రతి యేడూ అది నిజమే అయ్యేది.

ఆ యేడు ఏసీల బిల్లు చూసి ఇంటాయన మిద్దె మీద సోలార్ పలకలు పెట్టిస్తానన్నాడు. ఎండతోనే ఇల్లు చల్లబడుతుందంట, మిగిలిన కరెంటు సర్కారు తీసుకుంటుందంట. ఆ పనికి కంపెనీ పంపగా దేవన్న, నాగేందర్ వచ్చారు. ఇద్దరిదీ జగిత్యాల పక్క.

హలీమా మగవాళ్లతో మాట్లాడే మనిషి కాదు. మెట్ల తలుపు దగ్గర నీళ్ల సీసా పెట్టి దిగి వచ్చేసేది. మూడోరోజు సీసా పెడుతుంటే వాళ్ల మాటలు చెవిన పడ్డాయి.

"దేవన్నా, నీ మొకం జూడు ఎట్లైందో. ఇయ్యాల పడితివంటే నీకు టికెట్ కొట్టినట్టే," అంటున్నాడు నాగేందర్.

"నీ నోట్ల మన్నువడ. బోల్టులు తేపో."

హలీమా తలుపు చాటు నుంచే అడిగింది. "ఏమప్పా, పడిపోతాండావా నువ్వు?"

దేవన్న తిరిగి చూశాడు. తెలుగు మాట విని ముఖం కొంచెం తేటపడింది. "రెండుసార్ల పడ్డనక్కా ఈ ఎండకు. ఒకపారి ఖతీఫ్‌ల, ఒకపారి ఈడనే. మూడోసారి పడితే పనికి రాడని రాసి ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోల్తమన్నడు డాక్టర్."

"పోతే పోతివిలే. పానం కంటేనా?"

"ఇంటి పని గోడల కాడ్నే ఆగిందక్కా. ఊరందరి మిద్దెలు నేనే ఎక్కుతున్న, మా ఇంటామె సరళ నెత్తి మీద మాత్రం కప్పు లేదు."

హలీమా కిందికి వచ్చింది. కూర తరుగుతున్నంతసేపూ అదే ఆలోచన. పిట్టగోడ నీడ పల్చనిది, ఇల్లు దాటితే నిలవదు. ఆమె పెట్టె అడుగున ఇంకొకటి ఉంది. రాయచోటిలో వాళ్ల వాకిట్లో చింతచెట్టు ఉండేది. సౌదీకి వచ్చేటప్పుడు దాని నీడలో ఒక ముక్క కత్తిరించి దుప్పట్ల మధ్య పెట్టి తెచ్చుకుంది. తర్వాత రోడ్డు వెడల్పు చేస్తూ చెట్టును కొట్టేశారు. ఇప్పుడు ఆ చెట్టుకు మిగిలింది ఆ ముక్కే. శుక్రవారం మధ్యాహ్నం అది కప్పుకుని కాసేపు కునుకు తీసేది. ఊరికి పోయినాక మళ్లీ వాకిట్లో పరుద్దామని దాచింది.

మరునాడు దాన్ని పేపర్లో చుట్టి తలుపు సందులోంచి ఇచ్చింది. "టోపీ కింద చుట్టుకో. నేల మీద మాత్రం వేయొద్దు, వేరు పట్టుకుంటే రాదు. పని అయినాక తెచ్చియ్యి."

నీళ్లు తగలకూడదని చెప్పలేదు. అది ఎవరికైనా తెలిసిందే అనుకుంది.

"చింతదా అక్కా? మస్తు సల్లగున్నది," అన్నాడు దేవన్న.

"నాకెప్పుడిస్తవక్కా?" అన్నాడు నాగేందర్.

"నువ్వు ముందు రెండుసార్లు పడు," అంది హలీమా. అంత మాట తనే అన్నదా అని సిగ్గుపడి గబగబా మెట్లు దిగింది.

పెద్ద మిద్దె, పద్దెనిమిది రోజుల పని. ఒక్కరోజు కూడా దేవన్న పడలేదు.

చివరి సాయంత్రం బోల్టులన్నీ బిగించి అయిపోయాయి. తెల్లారి ఇంజినీరు వచ్చి సంతకం పెట్టడమే మిగిలింది. ఆడమనిషి ఇచ్చిన దాన్ని చెమట వాసనతో ఎట్లా తిరిగిచ్చేది అనుకున్నాడు దేవన్న. మిద్దె కొళాయి కింద సబ్బుపొడి వేసి నీడను ఉతికాడు. గట్టిగా పిండి, దండెం మీద ఆరేసి పోయాడు.

పదకొండేండ్ల తర్వాత నీళ్లు తాగిన నీడ పెరిగింది.

పొద్దున హలీమా మిద్దె ఎక్కేసరికి అది కొమ్మలు కొమ్మలుగా పలకలన్నిటినీ కమ్ముకుని ఉంది. దేవన్న మీటరు ముందు కూలబడి ఉన్నాడు. అంకె కదలడం లేదు.

"ఉతికినావా?"

"ఉతికిన అక్కా. మంచిగనే ఉతికిన."

"సబ్బు గూడ ఖరీదుదే ఏసిండు," అన్నాడు నాగేందర్.

"పదింటికి ఇంజినీర్ వస్తడక్కా. గిట్ల జూస్తే పని కరాబని రాస్తడు, కంపెనీ నన్ను ఇంటికి తోల్తది. మడువరాదా?"

హలీమా కొస పట్టుకుని చూసింది. పచ్చి నీడ మడతపడదు. ఎండబెట్టి మడవాలంటే సాయంత్రం దాకా ఆగాలి. లేదంటే గోడ మీది నుంచి ఇంటి పక్క సందులోకి దించేయాలి. అక్కడ నేలను తాకిందంటే ఇక పెట్టెలోకి రాదు, రాయచోటికీ రాదు.

ఆమె కొంగు నడుముకు చెక్కుకుంది.

"అటు కొస పట్టుకో," అంది.

ముగ్గురూ కలిసి లాగితే నీడ బరువుగా జారి సందులోకి దిగింది. వెనక మీటరులో అంకె కదిలింది.

ఇంజినీరు వచ్చి కారు ఆ నీడలోనే పెట్టి, పైకెక్కి సంతకం చేశాడు. పోయేటప్పుడు రోజూ ఇక్కడ కారు పెట్టుకోవచ్చా అని మాత్రం అడిగాడు.

"కుదరదు. మధ్యాహ్నం మనుషులు పడుకుంటారు," అంది మామా.

నిజంగానే పడుకున్నారు. ఆ ఎండాకాలం నెలల్లో పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని ఆపాలని రూలు. ఆ వేళకు చుట్టుపక్కల మేస్త్రీలు, కూలీలు అందరూ సందులోకి చేరేవాళ్లు. గోడ చల్లబడిందని మామా వంటింటి ఏసీ ఆపించింది. కిటికీ తెరిస్తే గురకలు వినబడేవి. ప్రతి గురువారం సాయంత్రం దేవన్న వచ్చి నీడ మొదట్లో బకెట్ నీళ్లు పోసి పోయేవాడు. వేసవి గడిచింది. అతను మూడోసారి పడనేలేదు.

ఫిబ్రవరిలో అతనికి సెలవు దొరికింది. చెప్పడానికి వచ్చాడు. హలీమా సందులోని నీడలో ఒక కొమ్మను నెల రోజులుగా నీళ్లు తగలనీయకుండా ఎండబెట్టి ఉంచింది. దాన్ని కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చింది.

"స్లాబు పడేదాకా సరళకు."

దేవన్న దాన్ని దుప్పటి మడతలో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. "ఈసారి ఉతకనక్కా, ఒట్టు."

"ఉతుకు," అంది హలీమా. "నేల మీద పరిచి, బాగా నీళ్లు పోసి ఉతుకు."