అయిదు వందల గ్రాములు

నేను ఒక సీసపు దిమ్మను. నా బరువు అయిదు వందల గ్రాములు. ఆ అంకెను నా ఒంటి మీద సుత్తితో కొట్టారు. అన్నిటినీ తేలిక చేసుకోవాలని మనుషులు తాపత్రయపడే చోట, నన్ను మాత్రం బరువు కోసమే పుట్టించారు.

విజయవాడ ఆటోనగర్‌లో టైర్ల షాపు నడిపే ఆంజనేయులు, కార్ల చక్రాలకు సమతూకం కోసం బిగించే సీసం ముక్కలను ఊడదీసి, ఇనప మూకుడులో కరిగించి, ఇసుక అచ్చులో పోసి నన్ను చేశాడు. అతని కూతురు హిమజకు అప్పుడు పన్నెండేళ్ళు. ఆమె నడిపేది కార్ట్ అనే చిన్న రేసు బండి. ఆ పోటీల్లో రేసు అయ్యాక బండీ, పిల్లా కలిపి నూట పది కిలోలకు తగ్గకూడదు. పిల్ల బక్కది. ఆ లోటు పూడ్చడానికి నాతో కలిపి ఎనిమిది దిమ్మలను ఆమె సీటుకు బోల్టులతో బిగించాడు. పిల్ల ఎదిగినప్పుడల్లా ఒక్కో దిమ్మ ఊడదీసేవాడు. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను, ఆమె వెన్నుకు ఆనుకుని.

అక్కడి నుంచి ముఖం కనపడదు. అయినా కొన్ని తెలుస్తాయి. ఇంజను వేయకముందే ఆ సీటు సన్నగా వణికేది. ఇంజను మొదలయ్యాక ఆ వణుకు అందులో కలిసిపోయేది. తండ్రి పక్కనే నిలబడి, "మా అమ్మలుకి భయమంటే ఏందో తెలవదండీ. పుట్టినప్పుడు కూడా ఏడవలా," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె వెన్ను బిగుసుకునేది. మనుషులు దాన్ని ధైర్యం అనుకుంటారు.

హైదరాబాద్ శివార్లలో ఆ ఏటి చివరి రేసు. మొదట వచ్చినవారికి వచ్చే ఏడాది తమ బండి ఇస్తామని చెన్నై జట్టొకటి చెప్పింది. ఆంజనేయులు బండి అరిగిపోయింది, ఇంకో ఏడాది రాదు. ఈ రేసు పోతే హిమజకు ఇక రేసులే లేవు. ఆ సంగతి తండ్రి ఆమెతో అనలేదు. ఆమెకు తెలుసు. తెలుసని అతనికి తెలియదు.

రేసు రోజు ఉదయం టిఫిన్లయ్యాక ఆంజనేయులు బండినీ, పిల్లనూ కలిపి తూకం వేశాడు. కాలిపోయే పెట్రోలు, కారిపోయే చెమట తీసేసినా ఏడు వందల గ్రాములు ఎక్కువే తేలింది. స్పానర్ అందుకున్నాడు.

"ఉంచన్నా," అన్నాడు సాయానికి వచ్చిన స్నేహితుడు నాగూర్. "అరకిలో కోసం సాహసం ఎందుకు?"

"ఆ అరకిలోయే ఓడించేది. తీసినా ఇంకా రెండొందలు చేతిలో ఉందిగా. మా అమ్మలు బరువు నాకు తెలవదా?"

"ఉండనీ నాన్నా," అంది హిమజ.

"ఏం, వదల్లేకపోతున్నావా? బొమ్మా ఇది?"

నవ్వుతూ నన్ను ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆమె ఇంకేదో అనబోయి, హెల్మెట్ తీసుకుని టైర్ల గుట్ట వైపు వెళ్ళిపోయింది.

ఆ పన్నెండు చుట్లూ నేను చూడలేదు, అతని గుండె చప్పుడు విన్నాను. చివరి మలుపులో హిమజ తన ముందున్న కుర్రాణ్ణి దాటినప్పుడు అతను ఎగిరాడు. నేను పక్కటెముకలకు గట్టిగా తగిలాను. అతనికి నొప్పి తెలియలేదు.

తర్వాత అధికారుల తూకం. బండీ, పిల్లా కాటా ఎక్కారు.

"నూట తొమ్మిది కిలోల ఎనిమిది వందలు," అన్నాడు అధికారి.

"ఇంకోసారి చూడండి సార్."

మూడుసార్లు చూశారు. రెండు వందల గ్రాములు తక్కువ. పట్టికలో ఆమె పేరు కొట్టేశారు. చెన్నైవాళ్ళు రెండో స్థానంలో వచ్చిన కుర్రాడి భుజం తట్టడానికి అటు నడిచారు.

గుడారం వెనక ఆంజనేయులు పిల్ల ముందు చతికిలబడ్డాడు.

"పొద్దున చూశా గదా అమ్మలూ. ఎట్టా తగ్గావు?"

"వాంతయింది నాన్నా. రేసుకి ముందు, టైర్ల వెనకాల."

"ఒంట్లో బాలేదా? చెప్పొద్దూ?"

"బానే ఉంది. ప్రతి రేసుకీ అవుద్ది. భయమేసి."

"ప్రతి రేసుకా? మరి నాకెందుకు చెప్పలా?"

"నువ్వు అందరికీ చెప్పేశావు గదా, నాకు భయం లేదని."

ఇన్నాళ్ళూ ఆమె ఎముకల తేలికదనాన్ని పూడుస్తున్నాననుకున్నాను. నేను పూడ్చింది ఆమె ప్రతి రేసుకూ కక్కేసిన భయాన్నని అతని జేబులో ఉన్నప్పుడు తెలిసింది.

ఆమే మళ్ళీ అంది. "నడపడం ఇష్టమే నాన్నా. భయమేస్తందని చెప్పి, అప్పుడు నడపాలని ఉంది."

నడపడానికి ఇక బండి లేదు. ఆంజనేయులు ఆమె చేతి గ్లౌజు ఒక్కో వేలూ లాగి తీస్తూ ఉండిపోయాడు.

దీపావళి ముందు ఆ కార్ట్‌ను గుంటూరువాళ్ళెవరో విడిభాగాల కోసం కొనుక్కెళ్ళారు. నేను షాపులో, పాత సీసం డబ్బాలో ఉన్నాను. కరిగించడానికి ఆంజనేయులు చెయ్యి డబ్బాలోకి వస్తుంది, నన్ను తాకి, పక్కదాన్ని తీసుకుంటుంది.

హిమజ బడికి వెళ్తూ అప్పుడప్పుడు షాపు దగ్గర ఆగుతుంది. పరీక్షల రోజుల్లో ఒకసారి అతను పని ఆపి అడిగాడు.

"భయంగా ఉందా అమ్మలూ?"

"లేదు నాన్నా," అంది ఆమె వెంటనే.

వెన్ను బిగించి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగాక కూడా అతను అటే చూస్తూ నిలబడ్డాడు. లోపల కారుతో వచ్చిన మనిషి రెండుసార్లు పిలిచాడు.