పెన్సిలిన్ పడని పిల్ల

మా గవరపాలెంలో కొండలమ్మ కూతురు పద్మకుమారికి పెన్సిలిన్ పడదన్న సంగతి తెలియనివాళ్లు లేరు. నాలుగో క్లాసులో జ్వరమొస్తే ఆర్‌ఎంపీ త్రినాధరావు దగ్గర సూదికి పడిపోయిందట. అప్పటినుంచీ కొండలమ్మకి అదొక నగ. పెళ్లిచూపుల్లో పిల్ల చదువు కంటే ముందు అదే చెప్పింది. "మా పిల్ల ఒళ్లు సున్నితమండి, అందరికీ ఏసే సూది దానికి పడదు" అంటే, కొండకర్ల నుంచి వచ్చిన పెళ్లివారు ఇదేదో గొప్పింటి జబ్బనుకుని తలూపారు.

చెప్పిన ప్రతిసారీ కథ పెరిగేది. మొదట కళ్లు తిరిగాయి. కొన్నాళ్లకి దద్దుర్లొచ్చాయి. పెళ్లినాటికి మూతి వాచి, ఊపిరాడక, ప్రాణం మీదికి వచ్చింది. అలాంటి పిల్లకి జలుబు చేస్తే మామూలు మందిస్తారా? త్రినాధరావు పెన్సిలిన్ బదులు ఎరిత్రోమైసిన్ బిళ్లలు ఇచ్చేవాడు. ఒళ్లు చల్లబడగానే మిగిలిన బిళ్లలు కొండలమ్మ డబ్బాలో దాచి, మళ్లీ తుమ్మితే తీసేది. పొదుపులో ఆవిడని మించినవారు లేరు.

తొలికాన్పులో ఉమ్మనీరు ముందే పోయి పద్మకుమారికి జ్వరమొచ్చింది. పెన్సిలిన్ పడదన్నారని డాక్టర్ సూర్యకళ ఎరిత్రోమైసినే ఇచ్చింది. పుట్టిన మగపిల్లవాడు మర్నాడే మూలగడం మొదలుపెట్టి, విశాఖ ఆసుపత్రిలో పోయాడు. వాడి రక్తంలో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి ఉందన్నారు అక్కడివాళ్లు. దిష్టి అంది కొండలమ్మ.

రెండోసారి నెలలు నిండుతుండగా, 2007లో, సూర్యకళ ముందుగానే పరీక్ష చేయించింది. తల్లి ఒంట్లో అదే క్రిమి.

"చాలామంది ఆడవాళ్లలో ఇది ఊరికే ఉంటుంది. కాన్పులో బిడ్డకి అంటితేనే ప్రమాదం" అంటూ ఆవిడ రిపోర్టు చూసింది. "ఎరిత్రోమైసిన్‌కి లొంగదట. దాని బదులు వాడే ఇంకో మందుకీ లొంగదు. హాయిగా లొంగేది పాత పెన్సిలిన్‌కే."

"అమ్మో, అది పడదండి!"

"అప్పుడేం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి. అప్పుడు నిజంగా ఊపిరాడకపోయుంటే నేనివ్వను, విశాఖ పంపిస్తాను. అలా జరగకపోయుంటే మాత్రం నొప్పులు మొదలవగానే ఇదే ఎక్కించాలి. ఈసారి బిడ్డ ప్రాణం మీ మాట మీద ఉంది."

తలుపు పక్కనే బెంచీ మీద వియ్యపురాలు దేముడమ్మ కూర్చుని ఉంది. కొండలమ్మ అటు చూసింది. కూతురి కడుపు వైపు చూసింది. గొంతు తగ్గించి, "దద్దుర్లు నేవండి" అంది.

"వాపు?"

"అదీ నేదండి. జొరంతో పొద్దున్నుంచి ఏటీ తిన్నేదు. సూది సూసి బెదిరిపోయి పడిపోయింది. ఇంకా గుచ్చనే నేదండి. త్రినాధరావు కూడా బెదిరిపోయి, ఈ పిల్లకిది పడదులే అన్నాడు. నేను నలుగురికీ సెప్పేను."

దేముడమ్మ చెవులు చురుకైనవి. "ఓస్, ఇంతేనా వదినా! మేమింకా ఏటో అనుకున్నాం" అంది బెంచీ మీంచి.

నొప్పుల రోజున ముందు చేతిమీద చిన్న సూది వేసి చూశారు. దద్దురు కాదు గదా, చీమ కుట్టినంత ఎర్రదనమైనా లేదు. పెన్సిలిన్ ఎక్కించారు. ఆడపిల్ల పుట్టింది. జ్వరం లేదు, మూలుగు లేదు, ఏడిస్తే వార్డంతా లేచి కూర్చునేది. కొండలమ్మకి పోయిన నగ దొరికినట్టే ఉంది. మంచం మంచానికీ వెళ్లి బెల్లం పంచుతూ, "మా పిల్లకి పెన్సిలిన్ బెమ్మాండంగా పడింది!" అని చెప్పుకొచ్చింది.

పద్మకుమారి పాపకి పాలిస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"అమ్మా, అయితే ముందోడికీ ఇదే ఇయ్యొచ్చు కదమ్మా?"

కొండలమ్మ పళ్లెం కింద పెట్టింది. ఎంత కథైనా అల్లగల మనిషి.

"ఇయ్యొచ్చే" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. అక్కడ బెంచీ మీద దేముడమ్మ ఉంది. పోయినవాడు ఆవిడకీ మనవడే. ఆవిడ పక్కకి జరిగి చోటిచ్చింది.