బుచ్చవ్వ పుదీనా మడి

బుచ్చవ్వకు కోపం వచ్చిందంటే చేతికి పని దొరకాల్సిందే, లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. రెండువేల పదకొండు జూన్‌లో ఆ ఆదివారం పొద్దున ఆమెకు వచ్చిన కోపానికి మీర్‌పేట్‌లో ఏ పనీ సరిపోయేలా లేదు.

చెరువు వెనక ఆమెకు అరెకరం పుదీనా మడి ఉంది. చుట్టూ మూడంతస్తుల మేడలు లేచినా, ఆమె అత్త నాటిన ఆ వేళ్లు మాత్రం కోసినకొద్దీ చిగురిస్తూనే ఉన్నాయి. కొడుకు బాలకృష్ణ ఆ మడిని ప్లాట్లు చేసేవాళ్లకు ఇస్తానని మాటిచ్చేశాడు. పట్టా మాత్రం తల్లి పేరు మీద ఉంది. ఆమె వేలిముద్ర పడితే తప్ప అడుగు భూమి కదలదు. ఆ వేలు ఏడాదిగా పడటం లేదు.

ఆ పొద్దున ఆమె చీకటితోనే మడిలోకి దిగి మూడు గోనెల పుదీనా కోసి, దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్‌కు పోదామని ఆటోవాణ్ణి పిలిచింది. వాడు తల అడ్డంగా ఊపాడు.

"యాడికి పోతవ్ అవ్వా? ఇయ్యాల తెలంగాణ కోసం వంటావార్పు గద. ఎల్‌బీ నగర్ కాడ రోడ్డు మీదనే పొయ్యిలు పెడుతున్నరు. మార్కెట్ దాకా బండి పోదు."

ఆ వంటావార్పుకు వారం రోజులుగా వాడవాడా తిరిగి జనాన్ని పోగేసింది ఎవరనుకున్నారు? బాలకృష్ణే! ఊరందరికీ చెప్పిన మహానుభావుడు కన్నతల్లికి చెప్పడం మరిచాడు. పైగా అప్పుడే మెడలో గులాబీ కండువాతో బయటికొచ్చి గోనెల వంక చూసి నవ్వాడు.

"పొద్దుగూకేలోపు అంత నల్లగైతది. గింత పరేషాన్ నీకెందుకే అమ్మా? వేలేస్తే అయిపాయె గద."

బుచ్చవ్వ కొంగు నడుముకు దోపింది. "ఇను బిడ్డా. ఇందుల ఒక్క కట్ట పారబోసినా రేపే వేలేస్త. ఒక్కటి గూడ పోకుంటె, నా మడి ముచ్చట నువ్వు మల్ల ఎత్తొద్దు. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న," అన్నాడు వాడు, గెలిచేసినట్టే. బండెక్కి పోయాడు.

అతను పోయాక ఆమె గోనెల వంక చూసింది. మృగశిర వచ్చినా చినుకు లేదు, ఎండ నిప్పులు చెరుగుతోంది. మూడు గోనెలు! వేలేస్తానని తన నోటితో తనే అనేసింది.

మేడ మీద అద్దెకుండే ఇంద్రాణి మెట్ల మీంచి అంతా విన్నది. ఆమెది తెనాలి. భర్త దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. ఈ రోజు గడప దాటొద్దని ఆయన గట్టిగా చెప్పాడు. ఆమె గడప దాటి కిందికి దిగింది.

"అమ్మడం దేనికి పిన్నిగారూ? అక్కడ వేలమంది ఎండలో ఉంటారు కదా. పానకం చేద్దామండి, పుదీనా పానకం. తినడానికి కొబ్బరి లౌజూ చేద్దాం."

పానకం అంటే ఇంద్రాణికి బెల్లమే. బెల్లం మరగబెట్టి, సలసలలాడుతుండగానే నూరిన పుదీనా మీద పోసింది. రెండు నిమిషాల్లో అది కషాయంలా నల్లబడి, ఉడికిన ఆకు కంపు కొట్టింది. ఇంద్రాణి మొహం మాడిపోయింది.

"పారబోస్తే పందెం పోతది," అంది బుచ్చవ్వ. రెండు లోటాల్లో పోసింది. ఇద్దరూ కళ్లు గట్టిగా మూసుకుని, ముక్కులు పట్టుకుని ఆ గిన్నె ఖాళీ చేశారు. ఆపైన ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని పడీ పడీ నవ్వారు.

"పుదీన పొయ్యిని సూడొద్దు బిడ్డా. చల్లగ రోట్లె నూరాలె. నాకిడువు."

బుచ్చవ్వ నాలుగు ఉప్పురాళ్లేసి ఆకు నూరింది. ఇంద్రాణి బెల్లం పక్కనపెట్టి ఐసునీళ్లలో చక్కెర కలిపింది. నిమ్మరసం ముందే పిండితే రంగు పోతుందని గ్లాసులో పోసేటప్పటికి ఉంచారు. లౌజుకు కొబ్బరి, చక్కెర పాకం పట్టాక, బాణలి దించి, గోరువెచ్చగా అయ్యాకే పుదీనా ముద్ద కలిపారు. ముక్కలు కోస్తే లేత చిగురు రంగు! "అబ్బ, ఎంత ముద్దుగున్నదే!" అంది బుచ్చవ్వ. పదకొండింటికి మూడు గోనెలూ ఖాళీ అయ్యాయి.

పానకం డ్రమ్ములు, లౌజు పళ్లాలు ట్రాలీ ఆటోలో పెట్టి "వంటకు పోతున్నం!" అని బుచ్చవ్వ ఒక్క కేక వేస్తే, బారికేడ్ల దగ్గర కుర్రాళ్లు తామే పక్కకు జరిపి దారిచ్చారు. ఎల్‌బీ నగర్ చౌరస్తా అంతా ఇటుకల పొయ్యిలు, బగార అన్నం గుండిగలు, డప్పులు.

మొదట వచ్చిన ముసలి మట్టయ్య డ్రమ్ములోకి తొంగిచూశాడు. "షర్బత్‌ల పుదీననా? బిర్యానీ వాసన రాదానే?"

"ముందు తాగి చూడండి బాబాయిగారూ," అంది ఇంద్రాణి.

ఆ యాస విని చుట్టూ నాలుగు తలలు తిరిగాయి. అయినా ఇంద్రాణి గ్లాసు నింపి ఆయన చేతికిచ్చింది. మట్టయ్య గ్లాసు ఎత్తి గటగటా తాగాడు. ఆఖరి చుక్క దాకా తాగి, కళ్లు తెరిచి, గ్లాసు ముందుకు చాపాడు.

"ఇంకొకటి పొయ్యి బిడ్డా. పానం లేచొచ్చింది."

ఇక చూసుకోండి! జనం ఎగబడ్డారు. లౌజు పళ్లాలు చేతుల మీదుగా ఎగిరిపోయాయి. రెండు గంటలకల్లా ఆఖరి డ్రమ్ము అడుగు కనిపించింది.

అప్పుడు వేదిక మీద బాలకృష్ణ గొంతు చించుకుంటున్నాడు. "మన భూమి మనకే గావాలె! భూమి అమ్మ అసువంటిది! అమ్మని అమ్ముకుంటమా?" అరిచి అరిచి గొంతు బొంగురుపోతే ఎవరో ఒక గ్లాసు అందించారు. తాగాడు. మైకు తీయకుండానే అనేశాడు: "అబ్బా! ఎవ్వలు జేసిండ్రే ఇది? గిసువంటిది జిందగీల తాగలె!"

"మీ అమ్మనే!" అంది చౌరస్తా.

బుచ్చవ్వ ఖాళీ గోనెలు భుజాన వేసుకుని వేదిక ఎక్కింది. కొడుకు చేతిలోంచి మైకు లాక్కుంది. ఆమె ఎన్నడూ మైకు పట్టలేదు. అయినా గొంతు తొణకలేదు.

"ఇగో మూడు గోనెలు. ఒక్క ఆకు నేల మీద వడలె. అంత మీ కడుపులనే ఉన్నది. మీర్‌పేట్ చెరువెనక నా అరెకరంల మొలిసింది. దాన్ని ప్లాట్లు జేస్తనన్నడు నా కొడుకు, గీ మీటింగ్ పెట్టినోడు. భూమి అమ్మ అసువంటిదని ఇప్పుడే అనె గద. ఇగ జెప్పు బిడ్డా, గా మడి ఎవ్వల్ది?"

డప్పులు ఆగిపోయాయి. బాలకృష్ణ చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఎదురుగా వేల కళ్లు.

"నీదేనే," అన్నాడు నేల చూస్తూ.

"మైకుల."

అతను తలెత్తాడు. తల్లి చేతులకు మోచేతుల దాకా పుదీనా పసరు అంటుకుని ఉంది. అది చూసి అతనికి నిజంగానే సిగ్గేసింది. మైకు అందుకుని గుండెల నిండా ఊపిరి పీల్చాడు.

"మా అమ్మది! అమ్మేది లేదు!"

"అమ్మేది లేదు!" అంది చౌరస్తా. డప్పులు దడదడమన్నాయి. పెళ్లినాడు కూడా కలగనంత సంతోషం బుచ్చవ్వకు కలిగింది. కింద ఇంద్రాణి గరిటె ఎత్తి అందరికంటే గట్టిగా అరుస్తోంది.

కేకలు సద్దుమణిగాక బుచ్చవ్వ మళ్లీ మైకు దగ్గరికి వంగింది. "రేపు పొద్దుగాల మడికి నీళ్లు వెట్టాలె. నా కొడుకే వెడ్తడు."